ముగ్గురి టీమ్, నాలుగు నెలల గడువు: హైబ్రిడ్ సరిపోతుందా, నేటివ్‌కే వెళ్లాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. టీమ్‌లో ముగ్గురున్నారు, ముగ్గురికీ జావాస్క్రిప్ట్, దాంతో వెబ్ తెరలు రాసే రియాక్ట్ బాగా వచ్చు. రియాక్ట్‌లో రాసిన వెబ్‌సైట్ ఇప్పటికే నడుస్తోంది. ఇప్పుడు కస్టమర్ల దగ్గరికి వెళ్లి మెషీన్లు బాగుచేసే మీ టెక్నీషియన్ల కోసం ఒక యాప్ కావాలి. అందులో ఆ రోజు పనుల జాబితా, నింపాల్సిన ఫారం, ఫొటోలు, బార్‌కోడ్ స్కాన్, చివర్లో కస్టమర్ సంతకం ఉంటాయి. సిగ్నల్ లేని బేస్‌మెంట్‌లో కూడా పని ఆగకూడదు. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ నాలుగు నెలల్లో ఇవ్వాలి. "హైబ్రిడ్ స్లో, నేటివ్‌కే వెళ్లండి" అని ఒకరు, "ఈ రోజుల్లో నేటివ్ ఎవరు రాస్తున్నారు" అని ఇంకొకరు అంటుంటే ఏం తేల్చుకోవాలో తెలియడం లేదన్నారు. నేటివ్ అంటే ఆండ్రాయిడ్‌కి ఒకసారి, ఐఫోన్‌కి ఒకసారి వాటి సొంత భాషల్లో విడిగా రాయడం, హైబ్రిడ్ అంటే ఒకే కోడ్‌తో రెండింటికీ రాయడం.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు పూర్తి నేటివ్ అక్కర్లేదు, హైబ్రిడ్ చాలు. కానీ ఒక చోట మాత్రం నేటివ్ కోడ్ తప్పదు: తీసిన ఫొటోలను బ్యాక్‌గ్రౌండ్‌లో అప్‌లోడ్ చేసే భాగం. కాబట్టి ముగ్గురిలో ఒకరైనా కోట్లిన్ (ఆండ్రాయిడ్ నేటివ్ భాష), స్విఫ్ట్ (ఐఫోన్‌ది) చదివి అర్థం చేసుకుని, చిన్న మార్పులు చేయగలిగేలా తయారవ్వాలి. ఆ ఒక్కరు లేకుండా హైబ్రిడ్ మొదలుపెట్టిన టీములు మూడో నెలలో ఇరుక్కోవడం చాలాసార్లు చూశాను.

"హైబ్రిడ్ స్లో" అనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అది మీకు వర్తిస్తుందో లేదో మీరే చెప్పగలరు. 2012లో ఫేస్‌బుక్ తన ఐఫోన్ యాప్‌ను హెచ్‌టీఎంఎల్5 (వెబ్ పేజీలు రాసే భాష) నుంచి తీసేసి నేటివ్‌లో మళ్లీ రాసింది. హెచ్‌టీఎంఎల్5 మీద అతిగా ఆధారపడటం కంపెనీగా తాము చేసిన అతి పెద్ద పొరపాటని జుకర్‌బర్గ్ ఆ ఏడాదే బహిరంగంగా చెప్పారు. ఆ మాటనే ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. కానీ అప్పటి పరిస్థితి వేరు. ఐఫోన్‌లో యాప్‌లకు దొరికే వెబ్‌వ్యూకి (యాప్ లోపల వెబ్ పేజీని చూపించే చిన్న బ్రౌజర్‌కి) సఫారీలో ఉన్నంత వేగంగా జావాస్క్రిప్ట్ నడిపే సౌకర్యం ఉండేది కాదు. ఆండ్రాయిడ్‌లో వెబ్‌వ్యూ ఫోన్ సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చేది, ఫోన్ పాతబడితే అదీ పాతబడేది. 2014లో ఐఫోన్ సిస్టమ్ ఐఓఎస్ 8తో ఆ లోటు తీర్చే కొత్త వెబ్‌వ్యూ, డబ్ల్యూకేవెబ్‌వ్యూ, వచ్చింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 5 నుంచి వెబ్‌వ్యూ ప్లే స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవడం మొదలైంది. ఈ రెండూ జరిగాక పాత ఫిర్యాదుల్లో చాలావరకు చెల్లకుండా పోయాయి.

అలాగని ఇబ్బందులేమీ లేవనను. వెబ్‌వ్యూ విడిగా అప్‌డేట్ అవడంలో ఇంకో కోణం 2021 మార్చిలో బయటపడింది. గూగుల్ పంపిన ఒక వెబ్‌వ్యూ అప్‌డేట్ వల్ల జీమెయిల్‌తో సహా బోలెడు ఆండ్రాయిడ్ యాప్‌లు తెరవగానే క్రాష్ అయ్యాయి. మన కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా మన యాప్ పడిపోవచ్చన్నమాట. అరుదే, కానీ జరిగింది.

ఇక "హైబ్రిడ్" అని అందరూ ఒకే గాటన కట్టేసే వాటిలో కనీసం మూడు రకాలున్నాయి. కార్డోవా, ఐయానిక్, కెపాసిటర్ లాంటివి మీ వెబ్ పేజీని యాప్ లోపల వెబ్‌వ్యూలో చూపిస్తాయి, ఫోన్ సౌకర్యాలను ప్లగిన్ల (జావాస్క్రిప్టు నుంచి పిలవగల చిన్న నేటివ్ కోడ్ ముక్కల) ద్వారా అందిస్తాయి. రియాక్ట్ నేటివ్‌లో కోడ్ జావాస్క్రిప్టే గానీ తెర మీద కనిపించే బటన్, లిస్టు, టెక్స్ట్ బాక్సు ఫోన్ సొంత విడ్జెట్లు. ఫ్లట్టర్ ఈ రెండూ కాదు. డార్ట్ భాషలో రాసిన కోడ్ నేరుగా మెషీన్ కోడ్ అవుతుంది, తెరనంతా తానే గీసుకుంటుంది. ఇవి కాక కోట్లిన్ మల్టీప్లాట్‌ఫారం ఉంది, 2023 నవంబరులో స్టేబుల్ అయింది. లెక్కలు, డేటా, నియమాలు ఒకేసారి రాసి, తెరలు మాత్రం రెండు వైపులా నేటివ్‌లో రాసుకోవచ్చు. నాకు ఇష్టమైన పద్ధతే, కానీ కోట్లిన్ తెలియని జావాస్క్రిప్ట్ టీమ్‌కి నాలుగు నెలల్లో సలహా ఇవ్వను.

యాప్ మొత్తాన్ని చూసి కాదు, అందులో అన్నిటికన్నా కష్టమైన తెరను చూసి నిర్ణయించండి. చాలా యాప్‌లలో ఎక్కువ భాగం తెరలు లిస్టులు, ఫారాలు, సెట్టింగులు. వాటిని దేంతో రాసినా వాడేవారికి తేడా తెలియదు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు ఉంటాయి, 120 హెర్ట్జ్ తెర అయితే 8.3. ఒక ఫారం చూపించేటప్పుడు ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. మీ టెక్నీషియన్ విసుక్కునేది సర్వర్ నుంచి జవాబు రానప్పుడు, నింపిన ఫారం మాయమైనప్పుడు. ఆ రెండూ నేటివ్‌లో రాసినంత మాత్రాన పోవు.

మీ యాప్‌లో కష్టమైన చోటు ఫొటోలు. అక్కడ ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మీ నాలుగు నెలల్లో టెన్షన్ పడే రోజులన్నీ ఇక్కడే ఉంటాయి.

టెక్నీషియన్ సగం ఫారం నింపి "ఫొటో తీయి" నొక్కాడు. ఫోన్‌లోని కెమెరా యాప్ తెరుచుకుంది, మీ యాప్ వెనక్కి వెళ్లింది. ర్యామ్ తక్కువ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ అయితే కెమెరాకి మెమొరీ కావాలని సిస్టమ్ మీ యాప్‌ని చంపేస్తుంది. అతను ఫొటో తీసి టిక్ నొక్కగానే మీ యాప్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది, హోమ్ తెర కనిపిస్తుంది. ఫారం లేదు, ఫొటో లేదు. ఇది మీ ఖరీదైన ఫోన్‌లో ఎప్పటికీ కనిపించదు, అందుకే టెస్టింగులో దొరకదు. కెపాసిటర్‌లో దీనికోసమే యాప్ రీస్టోర్డ్ రిజల్ట్ అనే ఈవెంట్ ఉంది. యాప్ తిరిగి లేచినప్పుడు, మధ్యలో తెగిపోయిన కెమెరా ఫలితాన్ని అందులో ఇస్తుంది. దాన్ని పట్టుకోవాలి. అంతకన్నా ముందు, ఫారంలో ప్రతి గడీ మారినప్పుడల్లా లోకల్ డేటాబేస్‌లో రాసేయాలి. "సేవ్" బటన్ దాకా ఆగకండి. ఈ చిక్కు నేటివ్‌లోనూ ఉంటుందని గుర్తుంచుకోండి. నేటివ్ డెవలపర్లకి అలవాటైన విషయం కాబట్టి ముందే చూసుకుంటారు, వెబ్ నుంచి వచ్చినవాళ్లకి అసలు తట్టదు, అంతే తేడా.

ఈ తిప్పలు రాకుండా పరీక్షించడానికి ఒక దారి ఉంది. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో "డోంట్ కీప్ యాక్టివిటీస్" అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేసి మీ ఫొటో తెర మీద ఒక రోజంతా పనిచేయండి. ఏమేం పోతాయో వరుసగా బయటపడతాయి.

ఐఫోన్‌లో దీనికి తమ్ముడు లాంటి చిక్కు ఒకటుంది. డబ్ల్యూకేవెబ్‌వ్యూలో పేజీ మీ యాప్ ప్రాసెస్‌లో కాక వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది. మెమొరీ తగ్గితే ఐఓఎస్ ఆ ప్రాసెస్‌ని ఆపేస్తుంది. యాప్ బతికే ఉంటుంది, తెర మాత్రం తెల్లగా అయిపోతుంది, లేదా పేజీ మొదటికొస్తుంది. దీన్ని రెచ్చగొట్టేది ఎక్కువగా ఫొటోలే. కెమెరా ప్లగిన్‌ని ఫొటోను బేస్64 స్ట్రింగుగా, అంటే పొడవాటి అక్షరాల వరుసగా, ఇమ్మని అడుగుతారు చాలామంది, చూపించడానికి సులువు కాబట్టి. నాలుగు ఎంబీల ఫొటో అలా మారిస్తే మూడో వంతు పెరుగుతుంది. అది ప్లగిన్ నుంచి జావాస్క్రిప్టుకి, అక్కడి నుంచి తెర డేటా ఉండే స్టేట్‌లోకి, అక్కడి నుంచి డేటాబేస్‌కి వెళ్లేసరికి ఒకే ఫొటోకి నాలుగైదు కాపీలు మెమొరీలో ఉంటాయి. ఆరు ఫొటోలు తీసేసరికి తెర తెల్లబోతుంది. కాబట్టి ఫొటోను ఎప్పుడూ ఫైలుగానే ఉంచండి. జావాస్క్రిప్టు చేతికి ఫైలు దారి మాత్రం రావాలి. లిస్టులో చూపించడానికి చిన్న థంబ్‌నెయిల్ చాలు.

ఇక అప్‌లోడ్. నేటివ్ కోడ్ తప్పదని పైన అన్నది దీని గురించే. యాప్ వెనక్కి వెళ్లిన కొద్ది సెకన్లకే ఐఓఎస్ దాన్ని నిద్రపుచ్చుతుంది, మీ జావాస్క్రిప్టు టైమర్లన్నీ ఆగిపోతాయి. టెక్నీషియన్ బేస్‌మెంట్ నుంచి బయటికొచ్చి, ఫోన్ జేబులో పెట్టుకుని బండెక్కుతాడు. సిగ్నల్ వచ్చింది, కానీ మీ అప్‌లోడ్ కదలదు. సాయంత్రం ఆఫీసులో మేనేజరు "ఫొటోలు రాలేదే" అంటాడు, ఇతను "నేను తీశాను సార్" అంటాడు.

ఐఫోన్‌లో దీనికి యూఆర్ఎల్ సెషన్ బ్యాక్‌గ్రౌండ్ మోడ్ వాడాలి. అప్పుడు అప్‌లోడ్ పనిని సిస్టమే వేరే ప్రాసెస్‌లో చూసుకుంటుంది, మీ యాప్ నిద్రపోయినా సాగుతుంది. ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, బ్యాక్‌గ్రౌండ్ అప్‌లోడ్ ఫైలు నుంచే జరగాలి, మెమొరీలోని డేటా నుంచి కుదరదు. అంటే మల్టీపార్ట్ రిక్వెస్టు (ఫొటో, ఇతర వివరాలు కలిపిన ఒకే మూట) పంపాలనుకుంటే మొత్తం బాడీని ముందు ఒక ఫైలుగా రాసుకోవాలి. సర్వర్ మీదే కాబట్టి, ఒక్కో ఫొటోను ఒక్కో పుట్ రిక్వెస్టుగా (ఫైలును ఉన్నదున్నట్టు పంపేది) తీసుకునేలా మార్చుకుంటే ఈ గొడవే ఉండదు. రెండోది, వాడేవారు యాప్ స్విచర్‌లో యాప్‌ని పైకి తోసి మూసేస్తే ఆ అప్‌లోడ్లు రద్దవుతాయి. మళ్లీ యాప్ తెరిచినప్పుడు మిగిలినవి వెతికి పంపే కోడ్ ఎలాగూ ఉండాలి.

ఆండ్రాయిడ్‌లో బ్యాక్‌గ్రౌండ్ పనులు నడిపే వర్క్ మేనేజర్ అనే లైబ్రరీ వాడండి. నెట్‌వర్క్ ఉన్నప్పుడే నడపమని షరతు పెట్టొచ్చు, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసినా పని గుర్తుంటుంది. అయితే కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ పొదుపు పేరుతో బ్యాక్‌గ్రౌండ్ పనులను దారుణంగా చంపేస్తాయి. దీనికి కోడ్‌లో పూర్తి మందు లేదు. తెర మీద ఒక మూల "ఇంకా 3 ఫొటోలు వెళ్లాలి" అని ఎప్పుడూ కనిపించేలా పెట్టండి. నా అనుభవంలో ఆ చిన్న లైను వల్ల తగ్గినన్ని సపోర్ట్ కాల్స్ మరే ఫీచర్ వల్లా తగ్గలేదు.

రెండు వైపులా కలిపి ఇది పెద్ద కోడేమీ కాదు. ఒక చిన్న సొంత ప్లగిన్. జావాస్క్రిప్టు నుంచి "ఈ ఫైలును ఈ చిరునామాకు పంపు" అని చెప్పడం, పోయిందో లేదో తెలుసుకోవడం, ఇంతే దాని పని. రెడీమేడ్ ప్లగిన్లు దొరుకుతాయి, వాటిని చూసి నేర్చుకోండి. కానీ యాప్‌కి ప్రాణమైన భాగం మీ చేతిలోనే ఉండాలని నా పట్టుదల.

లోకల్ డేటా గురించి ఒక మాట. వెబ్ అలవాటుతో బ్రౌజర్ డేటా దాచే లోకల్ స్టోరేజ్‌లోనో ఇండెక్స్‌డ్‌డీబీలోనో పెట్టేయకండి. ఐఫోన్‌లో జాగా తక్కువైతే సిస్టమ్ వాటిని ఖాళీ చేసే అవకాశం ఉంది. సర్వర్‌కి ఇంకా వెళ్లని ఫారాలు ఎస్‌క్యూలైట్ అనే, ఫోన్‌లోనే ఉండే డేటాబేస్‌లో ఉండాలి, ఫొటోలు యాప్ డేటా ఫోల్డర్లో ఉండాలి, కాష్ ఫోల్డర్లో కాదు.

బార్‌కోడ్ స్కాన్ కూడా జావాస్క్రిప్టు లైబ్రరీతో చేయొద్దు. వెలుతురు బాగా ఉన్న మీ టేబుల్ మీద అది చక్కగా పనిచేస్తుంది. మెషీన్ వెనక చీకట్లో, గీతలు పడ్డ స్టిక్కర్ మీద సతాయిస్తుంది. నేటివ్ స్కానర్‌ని పిలిచే ప్లగిన్ వాడండి, ఆండ్రాయిడ్‌లో గూగుల్ లైబ్రరీ ఎంఎల్ కిట్, ఐఫోన్‌లో సిస్టమ్ సొంత స్కానర్ వాడేవి ఉన్నాయి. టార్చ్ బటన్ పెట్టడం మర్చిపోకండి. సంతకానికి మాత్రం మామూలు కాన్వాస్ (వెబ్ పేజీలో బొమ్మ గీసే చోటు) చాలు. వేలు కదిపితే పేజీ స్క్రోల్ అవకుండా టచ్ యాక్షన్ ఆపేయండి, తెర పిక్సెల్ సాంద్రతను లెక్కలోకి తీసుకోండి, లేకపోతే సంతకం మసకగా వస్తుంది.

ఇంతవరకు రాసింది చూస్తే "ఇన్ని తిప్పలుంటే నేటివ్‌కే వెళ్తే పోలేదా" అనిపించొచ్చు. నేటివ్‌లో ఈ తిప్పల్లో కొన్ని తగ్గుతాయి. కానీ వాటి బదులు వేరేవి వస్తాయి, అవి పైకి కనిపించవు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఆండ్రాయిడ్, ఐఓఎస్ యాప్‌లు రెండు వేరు టీములు నేటివ్‌లో రాశాయి. రెండూ చక్కటి యాప్‌లే. కొంతకాలానికి ఒక ఫిర్యాదు వచ్చింది: ఒకే బిల్లుకి ఒక ఫోన్లో 13, ఇంకో ఫోన్లో 12 చూపిస్తోందని. వెతికితే, ఆండ్రాయిడ్ వైపు మామూలు రౌండ్ ఫంక్షన్ వాడారు, అది 12.5ని 13 చేస్తుంది. ఐఫోన్ వైపు నంబర్ ఫార్మాటర్‌కి వదిలేశారు, దాని డిఫాల్ట్ పద్ధతి సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది, అందుకని 12 చేసింది. ఇద్దరూ తప్పు చేయలేదు. స్పెసిఫికేషన్లో "రౌండ్ చేయాలి" అని మాత్రమే ఉంది. రెండు కోడ్‌బేస్‌లంటే ప్రతి నియమమూ రెండుసార్లు రాయడం, రెండుసార్లు పరీక్షించడం, ఆ రెండూ ఒకటేనా అని మూడోసారి చూసుకోవడం. ముగ్గురున్న టీమ్‌కి అది మోయలేని బరువు.

మరి నేటివ్ ఎప్పుడు? నన్నడిగితే ఈ సందర్భాల్లో వెనకాడకుండా నేటివ్ అంటాను. కెమెరా దృశ్యాన్ని ఫ్రేము ఫ్రేముకీ విశ్లేషించాల్సిన యాప్. వాయిద్యాల్లాంటి, ఆలస్యం చెవికి తెలిసిపోయే ఆడియో యాప్. రోజంతా బ్యాక్‌గ్రౌండ్‌లో బ్లూటూత్ పరికరంతో మాట్లాడాల్సిన యాప్. వాచీ, హోమ్ స్క్రీన్ విడ్జెట్ ఇవే ప్రధానమైన యాప్. ఒక కొలతల యాప్‌కి, కెమెరాలో చూస్తూ గోడల కొలతలు తీసుకునేదానికి, సలహా అడిగితే నేటివ్ తప్ప ఇంకోటి ఆలోచించొద్దన్నాను. అక్కడ యాప్ అంటేనే ఆ కెమెరా తెర. దాన్ని నేటివ్‌లో రాశాక హైబ్రిడ్‌కి మిగిలేది సెట్టింగుల పేజీ ఒక్కటే.

హైబ్రిడ్‌లో అసలు ఖర్చు మొదటి వెర్షన్లో కాదు, రెండో ఏడాదిలో కనిపిస్తుంది. ఆపిల్, గూగుల్ ఏటా నియమాలు మారుస్తాయి. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లు, అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేయాలని, అంటే ఆ వెర్షన్ నియమాలకు తగ్గట్టు ఉండాలని, గూగుల్ షరతు పెట్టింది. అలా టార్గెట్ చేయగానే ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో యాప్ తెర అంచు నుంచి అంచు దాకా పరుచుకుంటుంది, చూసుకోకపోతే మీ పై హెడర్ వెళ్లి గడియారం, బ్యాటరీ గుర్తుల కింద దూరుతుంది. 2025 నవంబరు 1 నుంచి 16 కేబీ మెమొరీ పేజీలకు (సిస్టమ్ మెమొరీని పంచే ముక్కలకు) సరిపడేలా ఉండాలన్న నియమం వచ్చింది. మీ జావాస్క్రిప్టుకి దాంతో సంబంధం లేదు. కానీ మీరు వాడిన ప్లగిన్ లోపల సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ఉంటే, దాన్ని ఎవరైనా మళ్లీ బిల్డ్ చేసి ఇవ్వాలి. ప్లగిన్ రాసినాయన రెండేళ్ల క్రితమే దాన్ని వదిలేసి ఉంటే ఆ పని మీ నెత్తిన పడుతుంది.

నేటివ్ వాళ్లకీ ఇవే నియమాలు. అయితే కొత్త పద్ధతి, దాని డాక్యుమెంటేషన్ వాళ్లకి అదే రోజు చేతికొస్తాయి. మనం ఫ్రేమ్‌వర్క్ వాళ్లు, ఆ తర్వాత ప్లగిన్ వాళ్లు కదిలేదాకా ఆగాలి. అందుకే ప్లగిన్ ఎంచుకునేటప్పుడు ఎన్ని స్టార్లున్నాయని చూడను. చివరి విడుదల ఎప్పుడు, తెరిచి ఉన్న ఫిర్యాదులకి జవాబులిస్తున్నారా, లోపలి నేటివ్ కోడ్ నేను చదివితే అర్థమయ్యేంత చిన్నదా అని చూస్తాను. చిన్నదైతే వాళ్లు వదిలేసినా మనం లాక్కురావచ్చు. మొత్తం ప్లగిన్లు పదికి మించకుండా చూసుకోండి.

ఫ్రేమ్‌వర్కులూ శాశ్వతం కావు. ఫోన్‌గ్యాప్‌ని అడోబీ 2020లో ఆపేసింది. జామరిన్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2024 మే 1తో ముగిసింది. యాప్‌ని స్టోర్‌తో పనిలేకుండా అప్‌డేట్ చేసే కోడ్‌పుష్ సర్వీసు నడిచిన యాప్ సెంటర్ 2025 మార్చి 31న మూతపడింది. ఫోన్‌గ్యాప్ యాప్‌లు మాత్రం పెద్దగా నష్టపోలేదు, దాని ఓపెన్ సోర్స్ రూపమైన కార్డోవాకీ, తర్వాత కెపాసిటర్‌కీ మారిపోయారు, ఎందుకంటే లోపలున్నది మామూలు వెబ్ కోడే.

మీకు కెపాసిటర్ వైపు నా మొగ్గు అందుకే. మీ రియాక్ట్ ఫారాలు, వాటి వ్యాలిడేషన్, డిజైన్ చాలావరకు ఉన్నవున్నట్టు పనికొస్తాయి. రియాక్ట్ నేటివ్ కూడా మంచి ఎంపికే. 2024 అక్టోబరులో వచ్చిన 0.76 వెర్షన్ నుంచి దాని కొత్త ఆర్కిటెక్చర్ డిఫాల్ట్ అయింది. జావాస్క్రిప్టుకీ నేటివ్‌కీ మధ్య ప్రతిదీ జేసన్ టెక్స్టుగా మార్చి పంపే పాత బ్రిడ్జి బాధ తీరింది. లిస్టుల స్క్రోలింగ్, కీబోర్డు ప్రవర్తన వెబ్‌వ్యూ కన్నా సహజంగా ఉంటాయి. కానీ మీ వెబ్ తెరలు అందులోకి నేరుగా రావు. రియాక్ట్ వచ్చినంత మాత్రాన రియాక్ట్ నేటివ్ వచ్చినట్టు కాదు, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ ఉండవు, ప్రతి తెరా మళ్లీ రాయాలి. అదే యాప్ వేలమంది కస్టమర్లు వాడేదైతే ఆ శ్రమ పడమనేవాణ్ని. రోజూ ఇదే పని చేసే మీ సొంత సిబ్బంది కోసం అక్కర్లేదు. ఫ్లట్టర్ గురించి అడగబోతారని తెలుసు. అందులో లోపమేమీ లేదు, మీ దగ్గరున్న కోడ్ దానికి పనికిరాదు, అంతే.

రియాక్ట్ నేటివ్‌ని 2018లో ఎయిర్‌బీఎన్‌బీ వదిలేసిందిగా అని ఎవరైనా చెబితే కంగారుపడకండి. వాళ్లకి అప్పటికే రెండు పెద్ద నేటివ్ యాప్‌లు, వాటికి పెద్ద టీములు ఉన్నాయి. వాటి మధ్యలో మూడోది ఇరికించారు. అప్పుడు మూడు ప్లాట్‌ఫారాలను పోషించాల్సి వచ్చింది. మీది ఆ కథ కాదు.

ఇప్పుడేం చేయాలంటే, మొదటి రెండు వారాలు లాగిన్ తెర, మెనూ, రంగులు ముట్టుకోకండి. ఒకే ఒక్క తెర చేయండి: ఫారం, ఆరు ఫొటోలు, సేవ్, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో అంతా నింపాక ఫోన్ లాక్ చేసి, నెట్ ఆన్ చేసి, అన్‌లాక్ చేయకుండా అప్‌లోడ్ అవుతోందా చూడండి. ఇది మీ టెక్నీషియన్లలో అందరికన్నా పాత ఫోన్ ఉన్నాయన దగ్గర ఫోన్ తీసుకుని, దాని మీదే చేయండి. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్) మీద కాదు. రెండు వారాల్లో అది నమ్మకంగా పనిచేస్తే మిగిలిన యాప్ గురించి బెంగ లేదు. చేయకపోతే, ఇంకా మూడున్నర నెలలు చేతిలో ఉండగానే దారి మార్చుకోవచ్చు.

స్టోర్ల విషయం కూడా ముందే చూసుకోండి. వెబ్‌సైట్‌నే ఒక పెట్టెలో పెట్టి పంపినట్టున్న యాప్‌లను ఆపిల్ 4.2 నియమం కింద తిప్పి పంపుతుంది. కెమెరా, స్కానర్, ఆఫ్‌లైన్ ఉన్నాయి కాబట్టి మీకు ఆ భయం తక్కువ. పైగా ఇది సిబ్బంది యాప్, బహిరంగంగా పెట్టాల్సిన పని లేదు. ఆపిల్ బిజినెస్ మేనేజర్ ద్వారా కస్టమ్ యాప్‌గా, మేనేజ్‌డ్ గూగుల్ ప్లే ద్వారా ప్రైవేటు యాప్‌గా ఇవ్వొచ్చు. ఆపిల్ రివ్యూ అప్పుడూ ఉంటుంది, సమీక్షించేవారికి పనిచేసే డెమో లాగిన్ ఇవ్వండి. ఐఫోన్ బిల్డుకి మ్యాక్ తప్పనిసరి, సొంతదో అద్దె క్లౌడ్‌దో ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి.

మీరు ప్రశ్నలో చెప్పని విషయం ఒకటుంది. టెక్నీషియన్లు వాడేది సొంత ఫోన్లా, కంపెనీ ఇచ్చేవా? కంపెనీ ఇచ్చేవే అయితే, అన్నీ ఒకే రకం ఆండ్రాయిడ్ ఫోన్లు ఇచ్చే వీలుంటే, రెండు ప్లాట్‌ఫారాల సమస్యే ఉండదు. పైన రాసిన ఐఫోన్ తిప్పలన్నీ కొట్టేయొచ్చు. అప్పుడు కూడా కెపాసిటర్‌తోనే మొదలుపెట్టమంటాను గానీ, ఒక కోట్లిన్ డెవలపర్ దొరికితే నేటివ్ కూడా గట్టి పోటీలోకి వస్తుంది. అది కనుక్కుని చెప్పండి, కింద రాస్తే చూస్తాను.